ఒకే బంతిలో కూర్చున్న బడి

(నాచారంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఏ సభకూ, ఏ రాతిపలకకూ తన పేరు పెట్టొద్దని సారు బతికుండగానే ఇంట్లో చెప్పి ఉంచారట. అందుకే ఆహ్వాన పత్రంలో ‘సారు స్మారకోపన్యాసం’ అని మాత్రమే వేశారు. తెలంగాణలో బడి చెప్పినవాడికి అంతకంటే పెద్ద పేరు అక్కర్లేదు కూడా. సారు గురుకులాల్లో తెలుగు చెప్పారు. నేను గురుకులంలో చదవలేదు, పని చేయలేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. సర్వేల్ గురుకులం చరిత్ర, సంప్రదాయాల మీద మాట్లాడమని బయటివాణ్ని పిలవడం మీ పూర్వ విద్యార్థుల సంఘం పెద్దమనసు. ఆ బడిలో చదివినవాడు దాన్ని పొగడక తప్పదు. నాకు ఆ మొహమాటం లేదు కాబట్టి, పొగడాల్సిన చోట పొగుడుతాను, ఆగాల్సిన చోట ఆగుతాను.

సర్వేల్ ఇక్కడికి దూరమేమీ కాదు. ఉప్పల్ నుంచి నాగోలు, ఎల్బీనగర్ మీదుగా విజయవాడ రోడ్డెక్కి, చౌటుప్పల్ దగ్గర లోపలికి తిరిగితే సంస్థాన్ నారాయణపురం వస్తుంది. సర్వేల్ ఆ మండలంలోని ఊరే. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ పక్కనే రాచకొండ గుట్టలు. రేచర్ల పద్మనాయకుల రాజధాని అది, ‘సర్వజ్ఞ’ బిరుదున్న సింగభూపాలుడు కొలువు తీర్చిన చోటు. ఒకప్పుడు రాజులు అలంకారశాస్త్రం రాసిన కొండ కిందే, తర్వాతి శతాబ్దాల్లో సంతకం రాని తరాలు వరసగా గడిచిపోయాయి. కొలువులో పండితులు ఉండటం వేరు, పల్లెలో బడి ఉండటం వేరు.

ఆ బడి ఎందుకు అక్కడే పుట్టిందో అర్థం కావాలంటే ఆ నేల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి లాంటి వాళ్లు నాయకత్వం వహించిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. ఆ పోరాటం ముగుస్తున్న రోజుల్లో, 1951 ఏప్రిల్ 18న, అదే ప్రాంతంలోని పోచంపల్లికి వినోబా భావే నడిచి వచ్చారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానోద్యమం మొదలైంది. సర్వేల్‌లో మద్ది నారాయణరెడ్డి ఆ సర్వోదయ బాటలో నడిచినవారు. బడికి భూమి ఇచ్చిందీ, బడి తమ ఊరికే రావాలని పట్టుబట్టిందీ ఆయనే. భూమి కోసం తుపాకులు పేలిన ప్రాంతంలో ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఒక పెద్దమనిషి పిల్లల చదువుకు భూమి రాసిచ్చాడు. గురుకులం చరిత్ర రాసేవాళ్లు ముఖ్యమంత్రి పేరుతో మొదలుపెడతారు. నేనైతే ఈ దానపత్రంతో మొదలుపెడతాను.

ఇక ముఖ్యమంత్రి సంగతి. పి.వి. నరసింహారావు 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. సర్వేల్ గురుకులాన్ని ప్రారంభించింది 1971 నవంబరు 23న. పదవిలోకి వచ్చి రెండు నెలలు కూడా నిండలేదు. అంటే ఇది ముఖ్యమంత్రి అయ్యాక తట్టిన ఆలోచన కాదు. అంతకుముందు 1968 నుంచి ఆయన విద్యాశాఖ మంత్రి. తెలుగు అకాడమీ పుట్టింది ఆ కాలంలోనే. 1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 24.57 శాతం, అంటే నలుగురిలో ముగ్గురికి చదవడం రాదు. పైగా 1969 తెలంగాణ ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. ఉద్యోగాలు, చదువులు, వాటాలు అన్న గొడవ మధ్యలో ఆయన వచ్చారు. మొదటి గురుకులం తెలంగాణలో సర్వేల్, ఆ మరుసటి ఏడాది కోస్తాలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి. ఈ మూడింటి ఎంపికలో విద్యావేత్త ఎంత ఉన్నాడో రాజకీయవేత్త కూడా అంతే ఉన్నాడు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మూడు ప్రాంతాలకూ మూడు ప్రాజెక్టులు పంచడం మామూలే, మూడు బడులు పంచిన రాజకీయం మాత్రం అరుదు.

ఇక్కడొక పేచీ ఉంది. సర్వేల్‌ది దేశంలోనే మొట్టమొదటి గురుకుల పాఠశాల అని మన దగ్గర ప్రతి సభలోనూ చెబుతారు. ప్రభుత్వం పల్లెటూరి మగపిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచుకుని, ఉంచి చదివించిన బడి అన్న అర్థంలో అయితే, అప్పటి బీహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న నేతర్‌హాట్ విద్యాలయం 1954లోనే మొదలైంది. బీహార్ బోర్డు పరీక్షల్లో ఏళ్ల తరబడి పై ర్యాంకులు ఆ బడివే. మన దగ్గరే కోరుకొండలో సైనిక పాఠశాల 1962 జనవరిలో వచ్చింది. సర్వేల్ గొప్పతనం మొదటిది కావడంలో లేదు. నేతర్‌హాట్ ఒక్కటిగా మిగిలిపోయింది. సర్వేల్ ఒక వరసకు నాంది అయింది. మొదటి బడి అనిపించుకోవడం కంటే వందల బడులకు మూలం అనిపించుకోవడమే ఎక్కువ గౌరవం.

అసలు హైదరాబాద్ రాజ్యంలో ‘ఉంచి చదివించడం’ అన్నది ఎవరికి దక్కింది? 1923లో బేగంపేటలో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. పేరులోనే ఉంది, జాగీర్దార్ల కొడుకులకు. ఇంగ్లండులోని ఈటన్ దానికి నమూనా. 1949లో జాగీర్లు రద్దయ్యాక, 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. దాని ఇంకో శాఖ ఈ ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో ఉంది, మీలో చాలామంది రోజూ ఆ గోడ పక్కనుంచే వెళ్తారు. ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు ఆ గేటు తెరుచుకోలేదు. వాళ్లకు దిక్కయినవి కులాల హాస్టళ్లు. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డి పెట్టించిన రెడ్డి హాస్టల్ వాటిలో పేరున్నది. సురవరం ప్రతాపరెడ్డి కొన్నేళ్లు దాని బాధ్యత చూశారు. రావి నారాయణరెడ్డి అక్కడ ఉండి చదువుకున్నారు. తర్వాత ఒక్కో కులం ఒక్కో హాస్టల్ కట్టుకుంది. ఆ హాస్టళ్లు లేకపోతే తెలంగాణలో చదువుకున్న తరమే లేదు, ఆ మాట కృతజ్ఞతతో ఒప్పుకోవాలి. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో పల్లె నుంచి చదువుకోవాలని పట్నం వచ్చిన పిల్లవాడు ముందు తన కులం హాస్టల్ ఎక్కడుందో వెతుక్కునేవాడు. కులానికి హాస్టల్ కట్టే స్తోమత లేకపోతే వాడు వెతుక్కోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

సర్వేల్‌లో జరిగింది దీనికి తలకిందులు. నా ఉపన్యాసంలో చెప్పదలచుకున్నది అదే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

గురుకులం సంప్రదాయాలు ఏమిటని అడిగితే పూర్వ విద్యార్థులు గంట గురించి చెబుతారు. తెల్లవారక ముందే గంట, మైదానంలో పి.ఇ.టి. సారు విజిల్, నల్లా దగ్గర చన్నీళ్ల స్నానం కోసం వరస, ప్రార్థన, చదువు, టిఫిను, క్లాసులు, సాయంత్రం ఆటలు, మళ్లీ ప్రార్థన, మళ్లీ చదువు, లైట్లు బంద్. తాళం వేసిన రేకు పెట్టె, పేరు కొట్టించుకున్న స్టీలు కంచం, గ్లాసు. ఇంటికి రాసే ఇన్‌లాండ్ కవరు. అమ్మానాన్న చూడటానికి వచ్చే ఆదివారం కోసం నెలంతా ఎదురుచూపు. వాళ్లు తెచ్చిన సకినాలూ గారెలూ సాయంత్రానికి గది మొత్తానికీ పంపకం. ఈ జాబితా ఏ బోర్డింగు స్కూలుకైనా వర్తిస్తుంది. ఇంగ్లండులో అయినా ఇదే వరస, కాకపోతే సకినాలుండవు.

సర్వేల్‌దీ, దాని తమ్ముళ్లదీ అయిన సంప్రదాయాలు నాకు మూడు కనిపిస్తాయి. మూడో దాని దగ్గర కాసేపు నిలబడతాను.

ఒకటి, సాయంత్రం స్టడీ అవర్. పట్నం వాళ్లకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. 1971లో నారాయణపురం చుట్టుపక్కల ఒక పిల్లవాడికి సాయంత్రం బడి నుంచి వచ్చాక ఏముండేదో ఊహించుకోండి. చాలా ఇళ్లలో కరెంటు లేదు. కిరసనాయిలు దీపం వంటింటికి కావాలి. బర్లను కట్టేయాలి, తమ్ముణ్ని ఎత్తుకోవాలి, పొలం నుంచి వచ్చిన నాన్నకు నీళ్లు పెట్టాలి. ఉన్నవాడి కొడుక్కీ లేనివాడి కొడుక్కీ తెలివిలో తేడా లేదు, తేడా అంతా ఈ రెండు మూడు గంటల్లోనే. గురుకులం అందరికీ ఒకే వెలుతురు కింద అన్ని గంటలూ ఇచ్చింది. పక్కన సబ్జెక్టు సారు కూర్చుని ఉంటాడు. లెక్క తేలకపోతే లేచి వెళ్లి అడగొచ్చు. ట్యూషన్ అన్న మాట గురుకులం పిల్లలకు తెలియకపోవడానికి కారణం ఇది.

రెండు, సార్లు ప్రాంగణంలోనే ఉండటం. మా జిల్లా పరిషత్ టీచర్ల బతుకు వేరు. మా తరంలో సగం మందిమి ఈ ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర పొద్దున్నే బస్సెక్కి భువనగిరి వైపో, ఆలేరు వైపో వెళ్లి, సాయంత్రం అదే బస్సులో దిగేవాళ్లం. పిల్లలకు మేము తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా టీచర్లం. గురుకులం సారు రాత్రి పదింటికి జ్వరమొచ్చిన పిల్లవాడికి కూడా సారే. ఆ పిల్లవాడికి గంజి కాచి పంపేది సారు ఇంటావిడ. ఆమెకు ప్రభుత్వం ఏ జీతమూ ఇవ్వలేదు. గురుకులాల చరిత్రలో ఇప్పటిదాకా ఆమె పేరు లేదు. నా మట్టుకు నేను ఆ తల్లుల గురించి ఎవరైనా ఒక పుస్తకం రాయాలని కోరుకుంటాను. తొలి గురుకులాలకు వచ్చిన టీచర్లు ఈ కష్టం తెలిసే వచ్చారు. 

మూడోది, బంతి.

అన్నాలకు కూర్చునే వరసను మన దగ్గర బంతి అంటారు. పెళ్లిలో ఏ బంతిలో ఎవరు కూర్చోవాలో, ఎవరు చివరి బంతి దాకా ఆగాలో పల్లెలో చంటిపిల్లలకు కూడా తెలుసు. హోటళ్లలో రెండు రకాల గ్లాసులు నడుస్తున్న రోజులవి. అలాంటి చోట ఒక ప్రభుత్వ బడి మాదిగ పిల్లవాణ్నీ, రెడ్డి పిల్లవాణ్నీ, గౌండ్ల పిల్లవాణ్నీ, ముస్లిం పిల్లవాణ్నీ, సాలెవాళ్ల పిల్లవాణ్నీ రోజుకు మూడుసార్లు ఒకే బంతిలో కూర్చోబెట్టింది. పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి, రిజర్వేషన్‌ను బట్టి ఎవడి పక్కన ఎవడు పడతాడో తెలియదు. రెండో ఏడాదికి పక్కవాడి కులం పిల్లలు మరిచిపోయేవాళ్లని నేను చెప్పను. మరిచిపోయి ఉండరు, సెలవులకు ఇంటికెళ్తే ఊరు మళ్లీ గుర్తుచేస్తుంది. కానీ ఒకే బంతిలో తిన్న అలవాటు ఒంట్లో ఉండిపోతుంది. కులం హాస్టల్ చేయలేనిది ఇదే. జాగీర్దార్ కాలేజీ చేయాలనుకోనిది కూడా ఇదే.

ఆ బంతిలో వడ్డించింది విందేమీ కాదు. నీళ్లచారు మీద ఫిర్యాదు చేయని గురుకులం పూర్వ విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. అదీ సంప్రదాయమే అనుకోండి.

ఫలితాలు అందరికీ తెలిసినవే కాబట్టి పొడిగా చెప్పి వదిలేస్తాను. పదో తరగతి రాష్ట్ర ర్యాంకులు పత్రికల్లో వేసే రోజుల్లో సర్వేల్, తాడికొండ, కొడిగెనహళ్లి పేర్లు లేని ఏడాది ఉండేది కాదు. ఊరి పేరు ఎవరూ వినని పల్లె నుంచి ఒక కుర్రవాడి పాస్‌పోర్టు ఫొటో మొదటి పేజీలో పడేది. తెలంగాణ డీజీపీగా పనిచేసిన ఎం. మహేందర్‌రెడ్డి సర్వేల్ విద్యార్థి. ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం కూడా అంతే. 2024లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్ పదవి ఒకరి తర్వాత ఒకరుగా ఈ ఇద్దరికే వచ్చింది. రాష్ట్రానికి ఉద్యోగులను ఎంపిక చేసే కుర్చీలో వెంటవెంటనే ఒకే పల్లెటూరి ప్రభుత్వ బడి పిల్లలు ఇద్దరు కూర్చున్నారంటే, ఆ దానపత్రం వృథా కాలేదు.

ఇప్పుడు ఆగాల్సిన చోటికి వచ్చాను.

మొదటి మాట, అది మగపిల్లల బడి. ఇప్పటికీ మగపిల్లల బడే. 1928లోనే మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి నిలబెట్టిన నగరం ఇది. దాని తర్వాత నలభై మూడేళ్లకు ప్రభుత్వానికి గొప్ప ఆలోచన వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చింది మగపిల్లలే. ఆ పిల్లవాడి అక్క ఇంట్లో బర్లను కట్టేస్తూ ఉండిపోయింది. ఆమె బర్లను కట్టేసింది కాబట్టే వీడికి స్టడీ అవర్ దొరికింది. తర్వాత బాలికల గురుకులాలూ వచ్చాయి. ఈ రోజు తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎక్కువ వంతు బాలికలవే. గురుకులం పేరు ప్రపంచమంతా మోగింది కూడా ఒక అమ్మాయి వల్లే. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. రాష్ట్ర ర్యాంకుల ఫొటోలన్నీ కలిపినా ఆ ఒక్క ఫొటోకు సాటి రావు.

రెండో మాట కొంచెం కష్టమైనది. గురుకులం ప్రవేశ పరీక్ష అంటే ప్రతి ఊరి బడి నుంచి పాల మీద మీగడ తీసుకెళ్లడం. వెళ్లిన పిల్లవాడు బాగుపడ్డాడు, మంచిదే. మరి వాడు వెళ్లిపోయిన క్లాసు? మంచి విద్యార్థి ఒక్కడుంటే పక్కనున్న పదిమంది వాణ్ని చూసి పైకొస్తారు. క్లాసులో ప్రశ్న అడిగేవాడు పోతే టీచరు కూడా మెల్లగా మొద్దుబారతాడు. దీనికి గురుకులాలను తప్పు పట్టను. ఒక పథకం విజయాన్ని చూపించి మిగతా వేల బడులను వదిలేసిన ప్రభుత్వాలది ఆ బాధ్యత. సర్వేల్‌లో ఏం పని చేసిందో తెలిసి కూడా, ఆ వెలుతురూ ఆ సాయంత్రపు గంటలూ మామూలు హైస్కూలుకు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

పి.వి. మాత్రం తన ఆలోచనను వదల్లేదు. రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో మానవ వనరుల శాఖ చేతికి వచ్చాక, 1986 జాతీయ విద్యా విధానంతో పాటు నవోదయ విద్యాలయాలు దేశమంతా వెళ్లాయి. మొదటి రెండు హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో. జిల్లాకొకటి, సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. సర్వేల్‌లో చేసిన మొదటి పొరపాటును నవోదయలో కొంత దిద్దుకున్నారని నా అభిప్రాయం. తమిళనాడు ఒక్కటే భాషా విధానం కారణంగా వద్దంది.

ఇక్కడ మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలం నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాలు, ఆ వరసలో గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు పెరిగాయి. తెలంగాణ వచ్చాక వాటి సంఖ్య ఒక్కసారిగా ఎగసింది. ఈ రోజు అన్నీ కలిపితే వెయ్యి దాటాయి. దీన్ని చిన్నబుచ్చే మాట నా నోట రాదు. లక్షల మంది పిల్లలకు మూడు పూటలా తిండి, మంచం, పుస్తకం దొరుకుతున్నాయి. కానీ జరిగింది ఏమిటో కూడా చూడాలి. ఎస్సీల సొసైటీ ఒకటి, ఎస్టీలది ఇంకొకటి, బీసీలది మరొకటి, మైనారిటీలది వేరొకటి. ప్రతి దానిలో ఇతరులకు కొన్ని సీట్లున్నా, బోర్డు మీద పేరు పేరే. 1918 నాటి హాస్టళ్ల వరసకే ప్రభుత్వ ఖర్చుతో మళ్లీ వచ్చాం. బడులు పెరిగాయి, బంతి చీలిపోయింది. 2024 అక్టోబరులో ఈ ప్రభుత్వం ‘యంగ్ ఇండియా’ పేరుతో అన్ని వర్గాల గురుకులాలనూ ఒకే ప్రాంగణంలోకి తెస్తామని శంకుస్థాపనలు చేసింది. ఆలోచన సరైనదే. అయితే ఒకే ప్రాంగణంలో నాలుగు మెస్‌లు పెడితే మాత్రం సిమెంటు ఖర్చు తప్ప మిగిలేదేమీ లేదు. రేపు ఆ ప్రాంగణాలు తయారయ్యాక మనం వెళ్లి చూడాల్సింది క్లాసురూముల్లో స్మార్ట్ బోర్డులు ఉన్నాయా అని కాదు, అన్నం దగ్గర ఎన్ని బంతులున్నాయి అని.

అన్నం మాట వచ్చింది కాబట్టి డబ్బు లెక్క కూడా చెబుతాను. 2024 చివర్లో ప్రభుత్వం మెస్ ఛార్జీలు 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు, ఎనిమిది నుంచి పదో తరగతికి 1,100 నుంచి 1,540 రూపాయలు. పెంచినందుకు మెచ్చుకోవాలి. పెంచిన తర్వాత కూడా ఏడో తరగతి పిల్లవాడికి రోజుకు పడేది 45 రూపాయల లోపే. టిఫిను, రెండు పూటల భోజనం, చిరుతిండి, గుడ్డు, పాలు అన్నీ అందులోనే. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బండి మీద ప్లేటు టిఫిను ధర మీకు తెలుసు. అదే ఏడాది గురుకులాల్లో తిండి తిని పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు పదేపదే చదివాం. అద్దె బకాయిలు రాలేదని అక్టోబరులో కొన్ని చోట్ల భవన యజమానులు గురుకులాల గేట్లకు తాళాలు వేశారు. దసరా సెలవుల తర్వాత పెట్టెలు పట్టుకుని వచ్చిన పిల్లలు గేటు బయట నిలబడ్డారు. సర్వేల్‌కు ఈ అవమానం తప్పడానికి కారణం చాలా మామూలుది. దానికి సొంత నేల ఉంది. మద్ది నారాయణరెడ్డి అనే ఒక మనిషి ముందే ఆ పని చేసి పెట్టాడు. వెయ్యి గురుకులాలు ప్రకటించిన వాళ్లు వెయ్యి చోట్ల నేల సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

ఇప్పుడు మనం కూర్చున్న చోటికి వస్తాను. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలు వచ్చాక నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి జనం ఈ దారి వెంట దిగి ఇక్కడే ఉండిపోయారు. తర్వాత బీహార్ నుంచీ ఒడిశా నుంచీ కూలీలు వచ్చారు. ఒక పక్క హబ్సిగూడ, తార్నాకల్లో ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ. దేశంలో పేరున్న మూడు ప్రయోగశాలలు ఒకే రోడ్డు మీద. ఇంకో పక్క లక్షల ఫీజుల కార్పొరేటు బడులు, వాటి బస్సులు. ఈ రెంటి మధ్యలో ఉన్న సర్కారు హైస్కూళ్లలో చదివేది ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాళ్ల, మేస్త్రీల, ఇళ్లలో పని చేసే తల్లుల పిల్లలు. 1971లో నారాయణపురం పిల్లవాడికి సాయంత్రం ఏం లేదో వీళ్లకూ ఇప్పుడు అదే లేదు. కరెంటు ఉంది, నిజమే. కానీ ఒక్క గదిలో అయిదుగురు, మధ్యలో టీవీ, రాత్రి షిఫ్టు చేసి పడుకున్న నాన్న. వాడు కూర్చుని చదువుకోవడానికి చోటు లేదు, లెక్క అడగడానికి మనిషి లేడు. ఈ పిల్లలు తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చి మధ్యాహ్న భోజనానికి ఒకే బంతిలో కూర్చుంటున్నారు. అంటే సర్వేల్ మూడు సంప్రదాయాల్లో ఒకటి ఈ బడుల్లో ఇప్పటికే ఉంది. సారు కాపురం బడిలో ఉండటం ఇక్కడ కుదిరే పని కాదు. మిగిలింది స్టడీ అవర్.

దానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగక్కర్లేదు. ఈ హాలులో గురుకులాల్లో చదివి ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, శాస్త్రవేత్తలు అయినవాళ్లు చాలామంది ఉన్నారు. పూర్వ విద్యార్థుల సంఘం ఏటా సర్వేల్ వెళ్లి రంగులు వేయించడం, వాటర్ కూలర్లు ఇవ్వడం మంచి పనే, మానొద్దు. దానితో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న సర్కారు హైస్కూలు హెడ్మాస్టరును కలవండి. బడి వదిలాక రెండు గంటలు ఒక గది, లైట్లు, ఫ్యాను ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కొక్కరు వంతు వేసుకుని ఆ గదిలో కూర్చోండి. పాఠం చెప్పక్కర్లేదు, పిల్లవాడు లెక్క పట్టుకొస్తే చూపించండి. ఆడపిల్లలు సాయంత్రం ఆగాలంటే వాళ్లను ఇంటి దాకా దింపే ఏర్పాటు కూడా మీరే చూడండి, లేకపోతే ఇది మళ్లీ మగపిల్లల బడే అవుతుంది. బయట బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టమని సంఘం కార్యదర్శి గారిని కోరాను. పేరు, ఫోను నంబరు, వారంలో ఏ రోజు వీలవుతుందో రాసి వెళ్లండి. నా వంతు నేను గురువారం రాశాను.